ఓడలో ఉన్న పంపు

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. అది ఇంట్లోవాళ్ళకీ ఆస్పత్రి చీటీలకీ పరిమితమైపోయి చాలాకాలమైంది. బండ్లు కొన్నవాళ్ళందరికీ ఆమె ఓడమ్మ. మోటారు బైకుల షాపులో వారంటీ బల్ల దగ్గర కూర్చుని, ఎవరు ఏ పార్టు కోసం ఫోను చేసినా ఒక్కటే మాట చెప్పేది: "ఓడలో ఉందండీ, వస్తోంది." అడవిలో పనిచేసే పొడుగాటి గార్డు ఒకరోజు విసిగిపోయి, "ఓడమ్మా, మీ ఓడ ఏ సముద్రంలో తిరుగుతోందో చెప్తే నేనే ఈదుకుంటూ వెళ్ళి తెచ్చుకుంటా" అన్నాడు. షాపులో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అప్పుడు అతుక్కున్న ఆ పేరు ఇక ఊడలేదు.

నిజానికి ఆ మాట ఆమెది కాదు, ఓనరు నేర్పింది. "లేదంటే గొడవ చేస్తారు. ఎప్పుడొస్తుందో తెలీదంటే ఇంకా గొడవ చేస్తారు. ఓడలో ఉందను. సముద్రాన్ని ఎవరూ తిట్టరు" అని ఆమె చేరిన మొదటి వారమే చెప్పాడు. మొదట్లో అది నిజమే కూడా. ఆలస్యంగానో, తప్పు సైజుదో, మొత్తానికి ఏదో ఒక పెట్టె వచ్చేది. తర్వాత పెట్టెలు తగ్గాయి, మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ బండ్లను ఎక్కడో దూరదేశంలో ఒక చిన్న కంపెనీ తయారుచేసేది. రోడ్డు లేనిచోట నడవడానికి పుట్టిన బండ్లవి. రాళ్ళమీదా బురదలోనూ మేకలా ఎక్కేవి. వాటిని చెడ్డవనడానికి ఓడమ్మకు ఇప్పటికీ నోరు రాదు. కాకపోతే మామూలు బండి చెడితే పార్టు సందు చివర దొరుకుతుంది, దీనికి చెడితే దేవుడే దిక్కు. గోడమీది పోస్టరులో బండి వాగు నీళ్ళు చిమ్ముకుంటూ గాల్లోకి లేచి ఉంటుంది. ఆ పోస్టరు కిందే బల్ల సొరుగులో ఉన్న వారంటీ కాగితంలో, నీళ్ళలో నడిపితే వారంటీ చెల్లదని ఉంటుంది. భోజనానికి పిలిచి, తింటే ఊరుకోం అన్నట్టు.

కంపెనీకి ఇంకో నియమం ఉంది. చెడిపోయిన పార్టును పారేయకూడదు, కొన్నవాడికి తిరిగి ఇవ్వకూడదు. వాళ్ళ మనిషి వచ్చి పరీక్షచేసి, తప్పు బండిదా నడిపినవాడిదా అని తేల్చేదాకా భద్రంగా ఉంచాలి. ఆ మనిషి ఒక్కసారి కూడా రాలేదు.

వెనక షెడ్డులో మెకానిక్కు ఓడమ్మకు స్వయానా బాబాయి. ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. అందుకే ఆయన్ని మనసులో ఎంత తిట్టుకున్నా పైకి ఒక్క మాట అనదు. మరీ అవసరం ఉన్నవాడెవడైనా వచ్చి లబోదిబోమంటే, బాబాయి అద్దాల గదిలో నిలబెట్టిన షోరూము బండి దగ్గరికి వెళ్ళి, అందులోని మంచి పార్టు తీసి వాడి బండికి వేసేవాడు. వాడి బండిలోని చెడిపోయిన పార్టును షోరూము బండిలో పెట్టేవాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు చేబదులు.

"కొత్తది ఓడ దిగగానే దీనిది దీనికి పెట్టేస్తానమ్మాయ్. అందాకా పాతదానికి ఇంతకంటే భద్రమైన చోటేది? అద్దాలున్నాయి, తాళం ఉంది, రోజూ నువ్వు తుడుస్తున్నావు" అనేవాడు.

ఆ మాటలో తప్పుపట్టడానికి ఆమెకు ఏమీ కనపడలేదు. ఆ బండిని ఎవరూ కొనరు. కొనేవాళ్ళంతా ఎప్పుడో కొనేసి, ఇప్పుడు కాళ్ళరిగేలా ఆమె బల్ల చుట్టూ తిరుగుతున్నారు. ఒకటో రెండో చిన్న చిన్న పార్టులు పోయి ఉంటాయిలే అనుకుని ఊరుకుంది. ఓనరు రోజూ లోపలికి వస్తూ అద్దంలోంచి ఒక చూపు చూసి, "బండి బాగుందా?" అనేవాడు. "బాగుంది సార్" అనేది. తుడిచిన బండి బాగానే కనపడుతుంది మరి.

ఒకరోజు సాయంత్రం ఓనరు ఇద్దరినీ పిలిచి కుర్చీల్లో కూర్చోమన్నాడు. కూర్చోమనగానే బాబాయి మొహం మాడిపోయింది. ఆ షాపులో మంచి వార్తలన్నీ నిలబెట్టే చెప్తారు.

కంపెనీ మూతపడిందట. ఫోన్లు ఎత్తేవాడు లేడు, ఉత్తరాలకు ఉలుకూ పలుకూ లేదు. వచ్చే నెల నుంచి ఇదే షాపులో కరెంటు స్కూటర్లు అమ్ముతానన్నాడు ఓనరు. ఇద్దరినీ ఉంచుకుంటానన్నాడు. కాని కంపెనీ సంగతి మాత్రం అప్పుడే బయటికి పొక్కకూడదు. "జనమంతా వచ్చి షాపు మీద పడితే స్కూటర్లవాళ్ళు ఏజెన్సీ ఇవ్వరు. కొత్త బోర్డు ఎక్కేదాకా ఓడలోనే ఉండనివ్వండి" అన్నాడు. లేచి నిలబడ్డాక ఏదో గుర్తొచ్చినట్టు, "ఆఁ, ఆ షోరూము బండి మా అల్లుడికి ఇస్తున్నా. రేపు మధ్యాహ్నం వస్తారు. తుడిచి పెట్టమ్మా" అన్నాడు.

"ఒక వారం ఉంచితే నేను సర్వీసు చేసి..." అని బాబాయి నీళ్ళు నమిలాడు.

"అడుగు కదలని బండికి సర్వీసేంటయ్యా?" అని ఓనరు వెళ్ళిపోయాడు.

ఓడమ్మకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఇంటికి వెళ్ళి పడుకుంది. ఇన్నాళ్ళూ చెప్పింది అబద్ధమో కాదో తెలియని మాట. రేపటి నుంచి తెలిసి చెప్పాలి. ఆ తేడా ఆలోచించే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

మర్నాడు షట్టరు తీసేసరికి నర్సక్క మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన పాల వ్యానులో తాళ్ళతో కట్టేసిన ఆమె బండి. కొండమీది గూడేలకు టీకాలు మోసే నర్సు ఆమె. పైవాళ్ళు ఇచ్చిన స్కూటరు మొదటి ఎక్కుడులోనే చేతులెత్తేస్తే, సొంతంగా ఈ బండి కొనుక్కుంది. చలికాలంలో దాని ఇంజనుకు పెట్రోలు అందించే పంపు చచ్చిపోయింది. అప్పటినుంచి నడిచే ఎక్కుతోంది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. "వీటికసలు వారంటీయే ఇవ్వలేదు చెల్లీ" అని తనమీద తనే జోకు వేసుకునేది. ఇవాళ జోకు వెయ్యలేదు.

"ఈసారి కూడా ఓడ అన్నావంటే ఈ బండి నీ బల్ల మీద పడేసి పోతా" అంది.

"ఏమైందక్కా?"

"పైన గూడెంలో నెలలు నిండిన పిల్ల ఒకతి ఉంది. మొదటి కాన్పులో ప్రాణం మీదికొచ్చింది దానికి. ఇవాళో రేపో కనేలా ఉంది. మబ్బు చూశావా? వాన పడిందంటే వాగు నిండుతుంది. నిండితే ఇక నేనీ ఒడ్డున, అదా ఒడ్డున. నడిచి పోదామంటే నిన్న మెట్టు దిగుతూనే కూలబడ్డా."

ఓడమ్మ నోట్లో ఆ మాట తయారుగానే ఉంది. ఏళ్ళ తరబడి అరిగిన మాట, నోరు తెరిస్తే దానంతటదే జారుతుంది. నర్సక్క ఆమె మొహంలోకి చూస్తోంది. తిట్టడానికి కాదు, నమ్మడానికి సిద్ధపడి చూస్తోంది. అది భరించడం కష్టమైంది.

"కూర్చో అక్కా, ఇప్పుడే వస్తా" అని వెనక్కి వెళ్ళింది.

బాబాయి షెడ్డులో పని చేయకుండా కూర్చుని ఉన్నాడు. రాత్రి నిద్రలేదని కళ్ళే చెప్తున్నాయి.

"షోరూము బండిలో పంపు ఉందా బాబాయ్?"

"ఉంది" అన్నాడు. చూపు పక్కకు తిప్పి, "అదొక్కటే ఉంది" అన్నాడు.

"అంటే?"

"దాని సొంతది అదొక్కటే మిగిలింది. క్లచ్చు ప్లేట్లు గార్డుగారి బండివి. రేడియేటరు ఫ్యాను క్వారీ మేస్త్రీది. వెనక షాకబ్జార్బరు సర్వేయరుది, అది కారుతోంది." చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు, చేతులకు ఏమీ అంటలేదు. "ముందు బ్రేకు సిలిండరు కూడా సర్వేయరుదే."

"బ్రేకు కూడా ఇచ్చేశావా?"

"కదలదనుకున్నానే! నిలబడ్డ బండికి బ్రేకెందుకనుకున్నా. వెనక బ్రేకు ప్యాడ్లూ అంతే, అరిగినవే పెట్టా."

పైన పటారం, లోన లొటారం అంటే అదే. ఇన్నాళ్ళూ మెత్తటి గుడ్డతో, అద్దంలో మొహం కనపడేలా ఆమె తుడిచింది ఊరందరి చచ్చిన పార్టుల పోగు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ అల్లుడి చేతికి రాకముందే అల్లుడి సొమ్ము దానమైపోయింది. ఇంకో రోజైతే ఆమె పగలబడి నవ్వేది.

"మరి ఏం చేద్దామనుకున్నావ్?"

"పంపు ఉందిగా, స్టార్టవుతుంది. బ్రేకు నొక్కితే ఒకటి రెండు సార్లు పట్టినట్టే ఉంటుంది. ఎక్కుతాడు, గేటు దాటతాడు. ఆ తర్వాత ఏమైనా అయితే కంపెనీ మీదికి పోతుంది. లేని కంపెనీని ఎవడు అడుగుతాడు?"

"గేటు దాటితే దిగుడు బాబాయ్."

షాపు ముందు రోడ్డు నిట్టనిలువుగా దిగి, కింద లారీలు తిరిగే కూడలిలో కలుస్తుంది. ఆ సంగతి బాబాయికి తెలియనిది కాదు. తల వంచుకున్నాడు.

"ఓనరుకు ఫోను చేసి చెప్పేద్దామా?" అంది.

"చెప్తే పంపు తియ్యనిస్తాడా? పార్టులన్నీ వెనక్కి తెమ్మని ఊరి మీదికి తోలతాడు." ఆయన చేతిలోని గుడ్డ నలిపాడు. "అమ్మాయ్, నాకీ వయసులో ఇంకో పనెవరిస్తారు? ఈ బండ్లు తప్ప నాకేం తెలీదు. ఇవే లేకుండాపోయాయి. ఆ స్కూటర్లలో అసలు ఇంజనే ఉండదట. అయినా ఉంచుకుంటానన్నాడు, అదే పదివేలు. ఇది బయటపడితే ఇద్దరం రోడ్డు మీదుంటాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓడమ్మ గోడకు ఆనుకుంది. బాబాయిని చూస్తే జాలేసింది, తన మీద తనకు విసుగేసింది. అద్దంలోంచి మెట్ల మీద నర్సక్క కనపడుతోంది. రెండు చేతులతో మోకాళ్ళు ఒత్తుకుంటూ మబ్బును చూస్తోంది. పంపు ఆ బండిలో ఉంటే ఒకడు బ్రేకు లేకుండా దిగుడు దిగుతాడు. ఈ బండిలో ఉంటే ఒక పిల్ల దగ్గరికి నర్సు చేరుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఆలోచించాల్సిందల్లా తమ ఇద్దరి గురించే.

"తియ్యి బాబాయ్" అంది.

ఆయన గుడ్డ పక్కన పడేశాడు. తర్వాత పానాలు తీసుకుని అద్దాల గది తాళం తీశాడు. చెయ్యి పనిలో పడ్డాక మనిషి కాస్త తేరుకున్నాడు. ట్యాంకు విప్పి పంపు బయటికి తీస్తూ, "చూడు, ఒక్క మరక లేదు" అని మురిసిపోయాడు కూడా. నర్సక్క బండికి దాన్ని బిగించి మీట నొక్కితే, ఒక్క దగ్గు దగ్గి ఇంజను అందుకుంది. నర్సక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"వచ్చిందా ఓడ! నాకు తెలుసు చెల్లీ, నువ్వు మాట తప్పవని."

ఓడమ్మ అక్కడితో ఊరుకుంటే సరిపోయేది, దండం పెట్టించుకుని పంపించేసేది. ఊరుకోలేకపోయింది.

"ఓడ రాలేదక్కా. ఇక రాదు. కంపెనీ మూసేశారు. ఇది మా షోరూము బండిలోది. ఇది పోతే మళ్ళీ దొరకదు, జాగ్రత్త."

నర్సక్క చప్పట్లు ఆగిపోయాయి. "ఎప్పుడు మూసేశారు?"

"మాకు నిన్న తెలిసింది. కానీ పార్టులు రావడం ఎప్పుడో ఆగిపోయింది."

"మరి నాకు ప్రతిసారీ వస్తోందన్నావు?"

"అన్నాను."

"రాదని మొదటి రోజే చెప్పుంటే ఒక గాడిదనైనా కొనుక్కునేదాన్ని కదే!" అంది నర్సక్క. "వస్తుంది వస్తుందని నీ ఓడ కోసం చూస్తూ ఎండాకాలమంతా ఈ కాళ్ళతో ఎక్కాను. ఒక్క మాట చెప్పడానికి నీకేం పోయింది?"

ఓనరు చెప్పమన్నాడు అనొచ్చు. ఓడమ్మకు అనబుద్ధి కాలేదు. నర్సక్క టీకాల పెట్టె వెనక సీటుకు కట్టుకుంది, హెల్మెట్టు పెట్టుకుంది, థాంక్స్ చెప్పకుండా దిగుడులోకి దిగిపోయింది. బండి చప్పుడు కూడలి దాటేదాకా వినపడింది.

మధ్యాహ్నం ఓనరు కారులో దిగాడు. వెంట కూతురు, అల్లుడు. అల్లుడు బ్యాంకులో పనిచేసే నెమ్మదస్తుడు. కొత్త చేతితొడుగులు వేసుకుని సిగ్గుపడుతూ నిలబడ్డాడు. కూతురు హెల్మెట్టు మీది స్టిక్కరు కూడా పీకకుండానే తలకు తగిలించుకుని, "మొదటి రౌండు నేను వెనకాల కూర్చోవాల్సిందే" అంది. బండిని అద్దాల గదిలోంచి గేటు దగ్గరికి తోసి పెట్టారు. తళతళలాడుతోంది.

"బండి బాగుందా?" అన్నాడు ఓనరు అలవాటుగా.

ఓడమ్మ నోరు తెరిచేలోపే అల్లుడు ఎక్కి మీట నొక్కాడు. కిర్రుమంది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ కిర్రుమంది. కూతురు వెనక సీటెక్కి అతని భుజాలు పట్టుకుంది. ఓనరు నవ్వాడు, తర్వాత నవ్వు తగ్గించాడు.

"పెట్రోలు పోయలేదేంటయ్యా?" అని షెడ్డువైపు అరిచాడు.

"కొత్త బండేగా మావయ్యా, వారంటీ ఉంటుందిగా?" అన్నాడు అల్లుడు.

"ఉండకపోవడమేంటి బాబూ! ఏమ్మా, ఏదైనా పార్టు కావాలంటే ఎప్పుడొస్తుందో చెప్పు మా వాడికి."

అంటూ ఆమెవైపు చూశాడు. కంపెనీ మూతపడిన సంగతి అల్లుడికి చెప్పలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. ఓడలో ఉందని అనమ్మా అని బతిమాలుతున్నాయి కళ్ళు. ఆ మాట కోసం ఎదురుచూసే మొహాలు ఆమె ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గర చాలా చూసింది. ఓనరు మొహం అలా ఉండటం ఇదే మొదలు.

"రాదు సార్" అంది. "దీంట్లో పంపు లేదు. పొద్దున నర్సమ్మగారి బండికి వేశాం. ఇంకోటి తెప్పిద్దామంటే కంపెనీయే లేదు. అమ్మా, మీరు ముందు దిగండి. దీనికి బ్రేకు కూడా లేదు."

కూతురు దిగింది. అల్లుడు కూడా దిగాడు. బాబాయి షెడ్డు గుమ్మంలోంచి, "తీసింది నేను సార్. అమ్మాయి కాదు" అన్నాడు.

ఓనరు ముందు నమ్మలేదు. వంగి బ్రేకు మీట నొక్కి చూశాడు. రెండోసారికే అది చేతిపిడిని తాకింది. దొంగలన్నాడు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టారన్నాడు, ఇద్దరినీ రేపట్నుంచి గడప తొక్కొద్దన్నాడు. అల్లుడి ముందు పోయిన పరువంతా ఆ తిట్లలో వెతుక్కుంటున్నాడు. కూతురు అవేవీ వినడం లేదు. హెల్మెట్టు చేతిలో పట్టుకుని గేటు బయట దిగుడు చూస్తోంది, కింద కూడలిలో తిరుగుతున్న లారీలు చూస్తోంది.

"నాన్నా" అంది, "ఇది స్టార్టయి ఉంటే?"

బల్ల ముందు ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది, పార్టుల కోసం వచ్చినవాళ్ళు కూర్చునేది. ఓనరు వెళ్ళి అందులో కూలబడ్డాడు. కాసేపటికి తల ఎత్తి ఓడమ్మను చూశాడు. గొంతులో కోపం అయిపోయింది.

"నాకు ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా? రోజూ అడుగుతూనే ఉన్నాను కదమ్మా. ఒక్క మాట చెప్పడానికి నీకేం పోయింది?"

పొద్దున నర్సక్క అన్న మాటే. అదే గొంతు, ఆమెలాంటివాళ్ళు కూర్చునే కుర్చీ. దెబ్బకు దెబ్బ కొట్టడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. కాని ఓడమ్మకు గెలవాలని అనిపించలేదు. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది.

"చెప్పాల్సింది సార్" అంది. "వాళ్ళందరికీ కూడా చెప్పాల్సింది."

రావద్దన్న మాట ఆయన వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి కారు వెళ్ళిపోయింది. గేటు దగ్గర బండి ఒక్కటే మిగిలింది. బాబాయి దాన్ని మెల్లగా లోపలికి తోసుకొచ్చి, అలవాటు చొప్పున అద్దాల గదికి తాళం వేశాడు. తర్వాత తన పానాల సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఓడమ్మ బల్ల ముందు కూర్చుని ఫోను దగ్గరికి లాక్కుంది. ముందు గార్డుకు చేసింది.

"ఓడొచ్చిందా ఓడమ్మా? నా లైటు దిగిందా?" అని హుషారుగా అడిగాడు.

"లేదండీ. ఇక రాదు. కంపెనీ మూసేశారు. మీరు ఎదురుచూడకుండా వేరే దారి చూసుకోండి. ఇన్నాళ్ళూ చెప్పనందుకు తప్పు మాదే."

అటువైపు నుంచి తిట్లు మొదలయ్యాయి. ఓడలో ఉందన్నన్నాళ్ళూ సరేనమ్మా అన్న మనిషి, నిజం చెప్పేసరికి ఆమె ఏడు తరాలనీ బయటికి లాగాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని అన్నీ విన్నది. ఆయన అలసి పెట్టేసేదాకా విన్నది. మళ్ళీ ఇంకో నంబరు నొక్కడం మొదలుపెట్టింది.

బాబాయి సంచి భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. "ఉద్యోగమే పోయింది. ఇంకెందుకమ్మా ఈ తిట్లు?"

"రేపు ఫోను చేస్తే ఎత్తేవాళ్ళుండరు బాబాయ్. ఇవాళైతే తిట్టడానికి నేనైనా ఉన్నాను."

బయట చినుకులు పడుతున్నాయి. నర్సక్క ఈపాటికి వాగు దాటి ఉంటుంది అనుకుంది. దాటి ఉండాలి అనుకుంది.

బాబాయి సంచి కింద పెట్టి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. జేబులోంచి తన ఫోను తీసి కళ్ళకు దూరంగా పట్టుకున్నాడు.

"సర్వేయరుకి నేను చెప్తాలే" అన్నాడు. "వాడి నోరు మంచిది కాదు."